వియన్నాలో చెప్పిన పేరు

మా ఇంట్లో గోడకు తగిలించిన యూరప్ ఫోటో ఒక్కటే. రెండు వారాలకు దగ్గరగా తిరిగి, రీళ్లకు రీళ్లు ఖర్చుపెట్టి, చివరికి మేమిద్దరం కలిసి ఉన్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి. మిగతా వాటన్నింట్లో నా భార్య ఒక్కతే ఉంటుంది. మంచుకొండ ముందు శాలువా కప్పుకుని, పడవలో కొంగు పట్టుకుని, విసుగొచ్చి తల తిప్పుకుని. కెమెరాను పరాయివాడి చేతికిస్తే పట్టుకుని ఉడాయిస్తాడని నా గట్టి నమ్మకం. తోటి ప్రయాణికులను అడగవచ్చు కదా అంటే, వాళ్ల మీద నాకు అంతకన్నా ఎక్కువ అనుమానం.

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో నా జీవితం గడిచింది. ఇబ్రహీంపట్నం నుంచి పట్నం పోయే బస్సును సగం దారిలో ఆపి ఎక్కితే, ఎవడు అదేపనిగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడో వాడి దగ్గర టికెట్టు లేదని నాకు తెలిసిపోయేది. ఉద్యోగం వల్లే నేను ఇలా తయారయ్యానని అందరూ అంటారు. అది నిజం కాదు. నా అనుమానానికి ఉద్యోగం కన్నా వయసెక్కువ. పోలీసు చర్య జరిగిన ఏడాది మా మేనమామ పట్టుబడ్డాడు. పక్కింటివాడే పట్టించాడని ఇంట్లో చెప్పుకున్నారు. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు. ఆ రోజు నుంచి నాకు పక్కింటివాడన్నా, పక్క సీటువాడన్నా గురి లేదు.

ఆ మేనమామ బిడ్డనే నేను చేసుకున్నాను. మా రెండిళ్లూ ఒకే వాడలో. మామ సంఘం మనిషి, అంటే కమ్యూనిస్టు. రజాకార్ల కాలంలో పగలు ఇంట్లో ఉండేవాడు కాదు. రజాకార్లు వచ్చి తలుపు బాదితే మా అత్త బొట్టు తుడిచేసుకుని, పుస్తెలతాడు రవికెలోకి తోసి బయటికి వచ్చేది. "గత్తరొచ్చి సచ్చిండు" అనేది. గత్తరంటే కలరా. కలరా పేరు చెబితే తుపాకీ పట్టుకున్నవాడు కూడా గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. బతికున్న మొగుణ్ణి అత్త ఎన్నిసార్లు చంపిందో లెక్కలేదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. మగవాళ్లు చేసేది వేరే. ఎవరు ఆపి పేరడిగినా, నోటికొచ్చిన మరో పేరు చెప్పడం. పిల్లలమైన మాకు కూడా అదే నేర్పారు. ఖాకీ బట్టలు కనిపిస్తే మీకేమీ తెలియదు, మీ ఇల్లెక్కడో కూడా తెలియదు.

ఇక యూరప్ సంగతి. శేరిగూడలో మాకున్న కొద్దిపాటి చెలక ఒక కాలేజీవాళ్లకు అమ్ముడుపోయింది. బ్యాంకులో పనిచేసే మా బిడ్డ, ఆ డబ్బు నా చేతిలో ఉంటే ఏ గోడలోనో దాచేస్తానని భయపడి, మా ఇద్దరికీ టూరు టికెట్లు కొనేసింది. వెళ్లిన ప్రతి దేశంలో నేను ఏదో ఒక మోసం కనిపెట్టాను. హోటల్లో ఉదయం తిండి ఊరికే పెడుతున్నారంటే దాని వెనక ఏదో ఉందనుకున్నాను. పాస్‌పోర్టులన్నీ తన దగ్గర పెట్టుకున్న టూరు మేనేజరును రోజూ కనిపెడుతూనే ఉన్నాను. ఇంత చూసినా ఏ మోసమూ బయటపడకపోవడం నాకు మరింత అనుమానంగా ఉండేది.

చివరి రోజు వియన్నా. సాయంత్రం దాకా మీ ఇష్టమొచ్చినట్టు తిరగండి, చీకటి పడేలోగా బస్సు దగ్గరికి రండి, అక్కణ్ణుంచి నేరుగా విమానాశ్రయమే అన్నాడు మేనేజరు. పెద్ద చర్చి ముందు దిగాం. చర్చి పైకప్పు రంగురంగుల పెంకులతో, నేతచీర అంచులా ఉంది. నా భార్య తల పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడింది. పక్కన గుర్రపు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. గుర్రాలకు కూడా చెవులకు టోపీలు తొడిగారు.

"ఇగ ఇయ్యాల్నన్న ఇద్దరం కల్సి ఒక ఫోటో దిగుదాం బావ. ఇంటికి పోయినంక, నువ్వొక్కదానివే పోయినవా అని అడుగుతరు" అంది.

అప్పుడే ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చి నా కెమెరా వైపు చెయ్యి చాపి, నేను తీయనా అన్నట్టు సైగ చేశాడు. బూడిద రంగు టోపీ, పొడుగు కోటు, సన్నటి మీసం. వద్దని తల ఊపి, కెమెరా తాడు మెడకు ఇంకో చుట్టు చుట్టుకున్నాను. ఆయన నవ్వి పక్కకు తప్పుకున్నాడు. నా భార్య నాతో మాట్లాడడం మానేసింది.

చర్చి వెనక సందుల్లో నడిచాం. అద్దాల దుకాణాలు, కేకుల వాసన. ఒక దుకాణం అద్దంలో చూద్దును కదా, టోపీ పెద్దమనిషి మా వెనకే వస్తున్నాడు. మేము మలుపు తిరిగితే ఆయన కూడా తిరిగాడు. మేము ఆగితే ఆయన అడుగు నెమ్మదించాడు.

"గా టోపాయన మన ఎన్కనే వస్తుండు" అన్నాను.

"గాయనకు ఏరే పని లేదా, మన ఎన్క పడెతందుకు? నీకు అందరు దొంగల్లెక్కనే కనవడ్తరు."

"నువ్వు గీ దుకాణం గడప మీద నిలవడు. కదలకు. ఎవరేమడిగినా నోరిప్పకు. నేను గా సందులకెల్లి తిరిగొచ్చి, వాడెవడో జూస్త."

ఈ మాట నేను చెప్పాను. నోరిప్పకు అని చెప్పింది నేనే.

సందులోకి దూరి, ఎడమకు తిరిగి, మళ్లీ ఎడమకు తిరిగి, ఆయన వెనక తేలుదామని నా ఎత్తు. బస్సుల్లో దొంగ ప్రయాణికుణ్ణి పట్టేటప్పుడు ముందు తలుపు నుంచి ఎక్కకుండా వెనక నుంచి ఎక్కేవాణ్ణి. కానీ ఆ ఊరి సందులు మన బస్సుల్లా తిన్నగా ఉండవు. ఒకటి ఇంకోదాంట్లోకి వంకర తిరిగింది. అన్నీ ఒకే ఎత్తు ఇళ్లు, ఒకే రంగు గోడలు. నా భార్యను నిలబెట్టిన దుకాణం కనపడలేదు. చర్చి శిఖరం ఒకసారి కుడివైపు కనిపిస్తే ఇంకోసారి ఎడమవైపు కనిపించింది. చలి పెరిగింది. మంకీ టోపీ పెట్టుకుందామని జేబులో చెయ్యి పెడితే అది కూడా లేదు. జేబు దొంగతనం జరిగిందని అప్పుడే తేల్చేసుకున్నాను.

ఎలాగోలా ఆ దుకాణం దొరికేసరికి ఎండ గోడల మీదికి ఎక్కిపోయింది. గడప మీద ఎవరూ లేరు. లోపలున్న అమ్మాయి నా ఇంగ్లీషు విని చేతులు విప్పి చూపించింది, తెలియదని. నా భార్యకు తెలుగు తప్ప, చిన్నప్పుడు వాడలో నేర్చిన ఉర్దూ తప్ప మరో భాష రాదు. చేతిలో డబ్బులు లేవు, పోతాయని నేనే ఇవ్వలేదు. హోటలు పేరు కూడా తెలియదు, అదీ నేనే చెప్పలేదు. రాత్రికి విమానం. టోపీవాడే ఏదో చేశాడని నా మనసు గట్టిగా అరుస్తోంది.

పోలీసుల దగ్గరికి వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. పెద్దవీధిలో పోలీసు బట్టల్లో ఒకడు కనిపించినా రెండుసార్లు దాటుకుని వెళ్లిపోయాను. మూడోసారి అతనే నన్ను ఆపి, ఏమైంది అని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. దగ్గర్లోనే ఉన్న స్టేషనుకు తీసుకెళ్లాడు. కుర్చీ వేశాడు, వేడి టీ ఇచ్చాడు. టీ ఇచ్చినందుకు ఇంకాస్త భయపడ్డాను.

"మీ పేరు?" అన్నాడు.

నా నోట్లోంచి మా మామ పేరు వచ్చింది.

నేను ఆలోచించి చెప్పింది కాదు. యూనిఫాం, బల్ల, ఆ ప్రశ్న ఒకచోట చేరేసరికి నా నాలుక తన పని తాను చేసింది. ఒక్కసారి చెప్పాక వెనక్కి తీసుకుంటే అబద్ధాలకోరు అంటారేమోనని మరో భయం. భార్య పేరడిగితే మా అమ్మ పేరు చెప్పాను. ఏ హోటలు అంటే గుర్తులేదన్నాను. పాస్‌పోర్టు అంటే మేనేజరు దగ్గరుందన్నాను, అది మాత్రం నిజం. నా భార్య కోసం ప్రాణం కొట్టుకుంటోంది, అయినా ఆమెను వెతకడానికి పనికొచ్చే ఒక్క నిజం నా నోట్లోంచి రావడం లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అతను ఎవరికో ఫోను చేశాడు. వాళ్ల భాషలో కాసేపు మాట్లాడి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నాడు. ఇంకో స్టేషన్లో ఒక భారతీయ స్త్రీ ఉంది. చలిలో ఒక్కతే నిలబడి ఉంటే తీసుకొచ్చారు. కానీ ఆమె మీ భార్య కాదు. పేరు చెప్పడం లేదు, బహుశా మతి సరిగా లేదేమో. పైగా ఆమె విధవ.

"ఆమె కాదు" అన్నాను. నా భార్య ముఖాన రూపాయి బిళ్లంత కుంకుమ ఉంటుంది. విధవ అనే మాట ఇంట్లో పలికితేనే ఊరుకునే మనిషి కాదు.

అతను మళ్లీ ఫోనులో మాట్లాడాడు. ఈసారి ముఖం చిట్లించుకుని, పాపం ఆమె వల్ల అక్కడ అందరూ కంగారు పడుతున్నారు, డాక్టరును కూడా పిలిపించారట అన్నాడు. ఎందుకు అన్నాను. భర్త కలరాతో చనిపోయాడని చెబుతోందట. ఎప్పుడు అని అడిగితే, ఈ మధ్యనే అంటోందట.

టీ బల్ల మీద పెట్టేసి లేచి నిలబడ్డాను.

"ఆమే" అన్నాను. "ఆమే నా భార్య. నేనే ఆ చచ్చిపోయినవాణ్ణి."

అతను నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషిని, ఆ పరాయి ఊళ్లో, వెక్కివెక్కి ఏడ్చాను. ఏమనుకున్నాడో, ఇంకేమీ అడగకుండా కారు ఎక్కించాడు. బయల్దేరే ముందు అవతలి స్టేషనుకు నా పేరు చెప్పి, ఫలానా ఆయన వస్తున్నాడని ఆమెకు తెలియజేయండి అన్నాడు. నా పేరంటే, నేను చెప్పిన పేరు.

నేను వెళ్లేసరికి నా భార్య గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. కుంకుమ లేదు. నుదురంతా ఎర్రగా పులిమి ఉంది. పుస్తెలతాడు లోపలికి పోయింది. ఆమె ముందు ఒక పత్రికలమ్మే మనిషి మోకాళ్ల మీద కూర్చుని ఉర్దూలో ఏదో బతిమాలుతున్నాడు. లాహోరు వైపు నుంచి వచ్చి దగ్గర్లోని చౌరస్తాలో పత్రికలు అమ్ముకునే మనిషట. భాష కోసం పోలీసులు పిలిపించారు. ఆయన మంచితనానికి ఎంత చెప్పినా తక్కువే, చలిలో తన వ్యాపారం వదిలేసి వచ్చాడు. పాపం ఆయనకేం తెలుసు, పక్కన యూనిఫాం వేసుకున్నవాడు నిలబడి ఉండగా, ఉర్దూలో "నీ మొగుడి పేరేంటమ్మా, ఎక్కడున్నాడు" అని అడగడం మా ఊరి ఆడమనిషికి ఎలా వినపడుతుందో. రజాకార్లు అడిగిందీ అదే ప్రశ్న. వాళ్లు పోయాక వచ్చిన మిలిటరీ వాళ్లు అడిగిందీ అదే.

నా భార్య నన్ను చూడలేదు. నేల వైపు చూస్తూ ఒకే మాట అంటోంది.

"నేనేం చెప్పలే. నేనేం చెప్పలే. గాయిన దొరికిండంటే నేను చెప్పలే."

"దొరికిందెవరు? నేనే వచ్చిన" అన్నాను.

తల ఎత్తి నన్ను చూసింది. "బాపు వస్తుండన్నరు. బాపు పేరు జెప్పిన్రు" అంది. బాపంటే తండ్రి, మా మామ. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ ఏడవనంత ఏడ్చింది.

బల్ల మీద నా మంకీ టోపీ ఉంది. ఎవరిది అంటే పోలీసు చెప్పాడు. మీ వెనకే ఒక పెద్దాయన దీన్ని ఇద్దామని వచ్చాడు. చర్చి దగ్గర పడేసుకున్నారట. తీరా దగ్గరికి వచ్చేసరికి మీరు ఆమెను వదిలేసి సందులోకి పరుగెత్తారు. ఆమె చలికి వణుకుతుంటే తన కోటు ఇచ్చి, మాకు కబురు చేశాడు. పరుగెత్తింది భర్తేనా అని అడిగితే, భర్త చచ్చిపోయాడనే ఆమె చెప్పింది. కోటు తిరిగి తీసుకుని ఇప్పుడే వెళ్లిపోయాడు. ఆయనకు చెప్పాల్సిన మాట ఈనాటికీ నా దగ్గరే ఉండిపోయింది.

బస్సు దగ్గరికి పోలీసులే దింపుతామన్నారు. కారు వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు నా భార్య చెప్పింది.

మిలిటరీ వచ్చి రజాకార్లు పోయాక, ఇక మనకు భయం లేదని ఊరంతా అంది. మామ మాత్రం సంఘాన్ని విడవలేదు, జొన్న చేలో దాక్కున్నాడు. కొత్త యూనిఫాంవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు అత్త మామూలుగానే బొట్టు తుడుచుకుని, గత్తరొచ్చి సచ్చిండు అంది. అప్పటికి నా భార్యకు ఆరేళ్లు.

"ఆళ్లు మనోళ్లే అనుకున్న బావ. అందరు గట్లనే అనవట్టిరి గద. ఒకాయన నా గదువ పట్టుకొని, బాపు నిజంగనే సచ్చిండా బిడ్డా అన్నడు. 'లే, అమ్మ అబద్దమాడుతుంది, బాపు జొన్న చేన్ల ఉన్నడు, పొద్దుగాల నేనే రొట్టె ఇచ్చొచ్చిన' అన్న. బాపు సావలేదని చెప్పాలె, గంతే నా మనసుల ఉన్నది. అమ్మ నా నోరు మూసింది. గని అప్పటికే అయిపోయింది. ఎవ్వరికి చెప్పకు, బాపుకు అస్సలే చెప్పకు అన్నది."

ఆమె రవికెలోంచి పుస్తెలతాడు పైకి తీసుకుంది.

"గీసారి చెప్పలే బావ" అంది. "నువ్వు సచ్చినవనే చెప్పిన."

నా కళ్ల ముందు మామ పక్కింటి చిచ్చా కదిలాడు. దూది ఏకి పరుపులు కుట్టే ముసల్మాను. పోలీసు చర్య రోజుల్లో ముసల్మాన్ల మీద దాడులు జరుగుతుంటే ఆయన పెండ్లాం పిల్లలను మా అత్త తన ఇంట్లో దాచి కాపాడింది. అలాంటివాడు తన ప్రాణం దక్కించుకోవడానికి మామను పట్టించాడని, చేను వైపు బిడ్డ రొట్టె తీసుకుపోవడం చూసింది వాడొక్కడేనని, జైలు నుంచి కాలు ఈడ్చుకుంటూ తిరిగొచ్చిన మామ తేల్చాడు. మేమంతా నమ్మాం. ఆయన సలాం చేస్తే మొహం తిప్పుకున్నాం. నా పెళ్లికి పరుపు హయత్‌నగర్ నుంచి బండి మీద తెప్పించారు, గోడ అవతల ఆయన దూది ఏకే విల్లు రోజంతా మోగుతుండగానే. మనుషులను నమ్మవద్దని నాకు పాఠం చెప్పింది ఆయనే అనుకుని ఇన్నేళ్లు బతికాను.

పత్రికల మనిషి బయటికి వచ్చి, మీకు ఫోటో తీయనా భాయ్ అన్నాడు. మెడలోంచి కెమెరా తాడు రెండు చుట్లూ విప్పి ఆయన చేతికిచ్చాను. మా గోడ మీద ఉన్నది అదే. నా నెత్తిన మంకీ టోపీ వంకరగా ఉంటుంది. నా భార్య నుదురు ఇంకా ఎర్రగానే ఉంటుంది.

ఊరికి వచ్చాక ఆమే అంది, పరుపు కుట్టించుకుందామని. ఎవరితో అని నేను అడగలేదు. చిచ్చా పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకు ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర పరుపుల దుకాణం పెట్టుకున్నాడు. లోపలికి వెళ్లి, నిలబడే, వియన్నా మెట్ల మీద నాకు చెప్పినదంతా నా భార్య అతనికి చెప్పింది. అతను దూది తూకం వేస్తూ విన్నాడు.

"మా అబ్బాకు ఎర్కనే అక్కా" అన్నాడు. "గోడ అవతల దూది ఏకుతుండెనట. నువ్వు చెప్పింది మొత్తం ఇన్నడు. నేను పెద్దగయినంక కొట్లాడిన, పోయి నిజం చెప్పి రా అని. చిన్న పోరి, దాని నెత్తిన పెడితే అదెట్ల బత్కుతది, నా మీదుంటే నేను మోస్త అన్నడు. మల్ల ఎన్నడు ఆ మాటెత్తనియ్యలే."

నా భార్య దూది బస్తా మీద కూర్చుండిపోయింది. అతను నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆ ఇంటి నీళ్లు మా వాళ్లు తాగక యాభై ఏళ్లయింది. ఆమె సగం తాగి గ్లాసు నాకిచ్చింది.